ఫోర్కు వంగితే సైకిల్ పారేయాలా?



ఈ మధ్య మన పిల్లల నోట ఒక మాట బాగా వింటున్నా. "సైకిల్ ఫోర్కు వంగిపోయింది, ఇంక అది పనికిరాదు, ఇంటికెళ్ళి బండి కొనమని అడుగుతా." ఈ పోస్టు ఆ మాట గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. పాత ఇనప సైకిల్ ఫోర్కు వంగితే చాలాసార్లు బెండు తీయించుకోవచ్చు. కొన్నిసార్లు మాత్రం అస్సలు తీయించకూడదు. ఏది ఎప్పుడో తేల్చుకునే తెలివి షాపులో ఉంటే చాలదు, మనకీ ఉండాలి. అది లేకపోతే బాగయ్యే సైకిల్‌ని పాత ఇనప సామాను కింద కిలోల లెక్కన అమ్మేస్తాం. లేదంటే రేపో ఎల్లుండో విరిగిపోయే ఫోర్కు మీద చెల్లిని ఎక్కించుకుని కాలవ గట్టున పోతాం. రెండూ నష్టమే, రెండోదాంట్లో ప్రాణం కూడా పోవచ్చు.

నేను రంపచోడవరం ఏజెన్సీ నుంచి వచ్చి అంబాజీపేటలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మా ఇంట్లో కాలేజీ గుమ్మం తొక్కింది నేనే మొదలు. మన కొండ దారుల్లో సైకిల్ సగం దూరం తొక్కాలి, సగం దూరం తొయ్యాలి. ఇక్కడ అలా కాదు. కోనసీమ అంతా చదును నేల. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి వచ్చే కాలవలు, వాటి గట్ల మీద రోడ్లు, రెండు పక్కలా కొబ్బరి చెట్లు. అంబాజీపేట అంటేనే కొబ్బరి మార్కెట్టు కాబట్టి, తెల్లారకముందే దింపు వాళ్ళూ వలుపు వాళ్ళూ సైకిళ్ళ మీద తోటలకి పోతుంటారు. వాళ్ళలో చాలామందివి పాత నల్ల సైకిళ్ళే. కాయల మూటలు వేసుకుని తొక్కుతారు. ఆ సైకిళ్ళు ఇప్పటికీ నడుస్తున్నాయంటే వాటిని ఎవరో ఒకరు బాగుచేస్తూనే ఉన్నారన్నమాట.

మన విద్యార్థికి సైకిల్ ఎందుకు ముఖ్యమో కూడా చెప్పుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి, స్కాలర్‌షిప్‌కి 75 శాతం హాజరు అడుగుతారు. ఉదయం బస్సు తప్పితే మొదటి పీరియడ్ పోతుంది. ఆటోకి రోజూ డబ్బులుండవు. ఒక ఫోర్కు వంగి సైకిల్ నెల రోజులు మూలన పడితే ఆ నెల హాజరు ఎంత పడిపోతుందో లెక్క వేసుకోండి. ఆ హాజరు పోతే స్కాలర్‌షిప్‌కి ఇబ్బంది, అది ఆగితే చదువే ఆగిపోయే ఇళ్ళు మనవి. అందుకే ఇది చిన్న రిపేరు గొడవ అనుకోవద్దని నా మనవి.

అసలు జరిగింది

మా హాస్టల్లో ఇంటర్ చదివే తమ్ముడు ఒకడున్నాడు. వాడిది వాళ్ళ తాత అట్లాస్ సైకిల్. ఆ తాత దాని మీద జి.సి.సి. డిపోకి చింతపండు బస్తాలు మోశాడట. వాడు ఇంటర్లో చేరితే తాత బస్సు టాపు మీద వేయించి పంపాడు. ఒకరోజు చీకట్లో గేదె అడ్డొస్తే తప్పించబోయి కల్వర్టు రాయికి గుద్దేశాడు. వాడికి మోచెయ్యి గీరుకుంది. సైకిల్ ముందు చక్రం మాత్రం వెనక్కి జరిగిపోయి, హ్యాండిల్ తిప్పితే కాలి వేళ్ళు మడ్‌గార్డుకి తగులుతున్నాయి.

ఒక షాపులో అడిగితే "ఇంకా ఇదేం సైకిల్, పారేసి కొత్తది కొనుక్కో" అన్నారు. ఇంకో చోట "గ్యాస్ పెట్టి ఎర్రగా కాల్చి ఐదు నిమిషాల్లో వంచేస్తా" అన్నారు. హాస్టల్లో సీనియర్ ఒకాయన "పర్లేదు, అలాగే తొక్కెయ్, ఏమీ కాదు" అన్నాడు. మూడు సలహాలు ఇచ్చారు గానీ ఒక్కరూ సైకిల్ దగ్గర వంగి ఫోర్కుని సరిగ్గా చూడలేదు. తర్వాత ఒక ముసలి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన చక్రం ఊడదీసి, కిరసనాయిలు గుడ్డతో ఫోర్కుని తుడిచి, చాలాసేపు చూశాక నోరు విప్పాడు. "కాల్చితే ఇప్పుడు తేలిగ్గా వస్తాదిరా అబ్బాయ్, రేపు మళ్ళీ అక్కడే ఒంగుద్ది" అన్నాడు. నేను ఆ పనంతా దగ్గరుండి చూశా. ఆయన చేసింది, మా ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నది కలిపి కింద రాస్తున్నా.

ముందు బెండు ఏదో గుర్తుపట్టాలి

సైకిల్‌ని పక్క నుంచి చూడండి. హ్యాండిల్ కింద ఫ్రేముకి ముందు పొట్టిగా ఒక గొట్టం ఉంటుంది, దాన్ని హెడ్ ట్యూబు అంటారు. ఆ గొట్టం ఏ వాలులో ఉందో అదే వాలులో కిందకి ఒక గీత గీసినట్టు ఊహించుకోండి. ఫోర్కు రెండు కాళ్ళ పైభాగం ఆ గీత మీదే ఉండాలి. కింద చివర మాత్రం ముందుకి వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపు కంపెనీ పెట్టింది, అది బెండు కాదు. కొంతమంది అది చూసి "వంగింది" అనుకుని దాన్నే నిలువుగా చేయించేస్తారు. అలా చేస్తే హ్యాండిల్ నడకే మారిపోతుంది. గీత కంటే కాళ్ళు వెనక్కి ఉంటేనే బెండు.

తర్వాత ఎదురుగా నిలబడి చూడండి. రెండు కాళ్ళూ సమానంగా వెనక్కి పోతే ఎదురు దెబ్బ. ఒక కాలే పోతే మెలి తిరిగిందని అర్థం. చక్రం ఒక పక్కకి ఉంటే తప్పు చక్రానిదా ఫోర్కుదా అని తెలుసుకోడానికి సులువైన పద్ధతి ఉంది. చక్రాన్ని ఊడదీసి కుడి ఎడమలు మార్చి మళ్ళీ బిగించండి. రిమ్ము మళ్ళీ అదే పక్కకి వస్తే తప్పు ఫోర్కుది. పక్క మారితే తప్పు చక్రానిది, అప్పుడు స్పోకులు సరిచేయిస్తే చాలు. ఇది తెలియక మంచి ఫోర్కుని వంచినవాళ్ళూ ఉంటారు.

ఎప్పుడు అస్సలు తీయించకూడదు

ఇది అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన భాగం. వెనక చక్రం దగ్గర ఏదైనా విరిగితే సైకిల్ ఈడ్చుకుంటూ ఆగుతుంది. ముందు ఫోర్కు విరిగితే కాలు నేల మీద పెట్టే టైము కూడా ఉండదు, మొహం నేరుగా రోడ్డుకి తగులుతుంది. అందుకే ఈ కింది వాటిలో ఒక్కటి కనిపించినా డబ్బుల గురించి ఆలోచించకుండా ఫోర్కు మార్పించేయండి.

1. పగులు. రెండు కాళ్ళూ పైన కలిసే మెడ చుట్టూ, ఆ మెడలోంచి పైకి గొట్టం వెళ్ళే చోట తుడిచి చూడాలి. వెంట్రుక లాంటి గీత, ఆ గీత వెంబడి తుప్పు కనిపిస్తే అది పగులే. గోరుతో గీస్తే తగులుతుంది.

2. నొక్కు. కాలు గుండ్రంగా ఉండాల్సింది ఒకచోట మడతపడి చదునైపోతే ఆ చోట బలం పోయినట్టే. దాన్ని నిలబెట్టినా చూడ్డానికే బాగుంటుంది.

3. పైకి వెళ్ళే గొట్టం వంగడం. ముందు చక్రం పైకెత్తి హ్యాండిల్ మెల్లగా ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి. మొత్తం వదులుగా తిరిగి ఒక్కచోట పట్టేస్తుంటే ఆ గొట్టం వంగి ఉండొచ్చు. ఊడదీసి చూసి, వంగింది నిజమైతే మార్చేయాల్సిందే.

4. ఇంతకుముందే ఒకసారి బెండు తీసిన ఫోర్కు మళ్ళీ వంగడం.

5. గేర్ సైకిళ్ళకి వచ్చే అల్యూమినియం ఫోర్కులు, స్ప్రింగు ఫోర్కులు, కార్బన్ ఫోర్కులు. వీటిని వంచి సరిచేయడం అనేదే లేదు. నేను చెప్పేదంతా పాత ఉక్కు ఫోర్కుల గురించే.

ఫోర్కుతో పాటు ఫ్రేము కూడా చూడాలి. హెడ్ ట్యూబు వెనక, కింది గొట్టం అడుగున పెయింటు ముడతలు పడినా, చిన్న ఉబ్బు ఉన్నా దెబ్బ ఫ్రేముకీ తగిలినట్టే. అప్పుడు ఒక్క ఫోర్కు బాగుచేసి లాభం లేదు.

నాలుగో మాటకి కారణం అందరికీ తెలిసిందే. కట్టె మోపు కట్టే తీగని ఒకేచోట ఇటూ అటూ వంచితే కొన్నిసార్లకి పుటుక్కున తెగుతుంది. ఇనుము వంగిన ప్రతిసారీ ఆ చోట కొంచెం గట్టిపడుతుంది, కొంచెం పెళుసవుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో ఘనపదార్థాల యాంత్రిక ధర్మాలు అనే పాఠంలో స్థితిస్థాపక అవధి అని చదివాం కదా. ఆ అవధి లోపల వంచితే వస్తువు తిరిగి పాత ఆకారానికి వస్తుంది. దాటితే వంపు ఉండిపోతుంది. మన ఇళ్ళల్లో ఈ సంగతి ఆ పుస్తకం రాకముందే తెలుసు. వెదురు విల్లుని వాడకం లేనప్పుడు నారి దించి ఎందుకు పెడతారు? ఎక్కుపెట్టే ఉంచితే వెదురు ఆ వంపుకే అలవాటైపోయి బలం చచ్చిపోతుందని. అదే చదువు ఇది.

కాల్చకుండా ఎలా తీస్తారు

బాణం కర్ర వంకరగా ఉంటే నిప్పు సెగ చూపించి తిన్నగా చేస్తారు. వెదురుకి అది సరైన పద్ధతి. ఫోర్కుకి ఆ లెక్క పనికిరాదు. పాత ఫోర్కు మెడ దగ్గర గొట్టాల్ని ఇత్తడి కరిగించి అతికిస్తారు. అక్కడ మంట పెడితే ఆ అతుకు పాడవుతుంది. కాలి మధ్యలో ఎర్రగా కాల్చితే ఆ చోటు మిగతా గొట్టం కంటే మెత్తబడుతుంది. తర్వాత చిన్న గుంతలో పడినా అక్కడే వంగుతుంది. పెద్దాయన చెప్పింది ఇదే.

ఆయన చేసిన వరస ఇది. చక్రం, మడ్‌గార్డు, బ్రేకు కడ్డీలు తీసేశాడు. హ్యాండిల్ ఊడదీసి, పైన నట్టు విప్పి, ఫోర్కుని కిందకి లాగాడు. పాత సైకిళ్ళలో కప్పుల్లో బాల్సు విడివిడిగా ఉంటాయి, కాబట్టి కింద గుడ్డ పరిచి అన్నీ లెక్కపెట్టి డబ్బాలో వేశాడు. ఫోర్కుని గచ్చు మీద పడుకోబెట్టి దారం లాగి రెండు కాళ్ళూ ఎంత తేడాగా ఉన్నాయో చూశాడు. పైగొట్టం బాగుందని తేల్చుకున్నాక దాన్ని చెక్క ముక్కల మధ్య పెట్టి బెంచి వైసులో బిగించాడు. మరలు దెబ్బతినకూడదని చెక్కలు. కింద చక్రం ఉండే చోట పాత ఇరుసు ఒకటి బిగించాడు, రెండు కాళ్ళూ కలిసి కదలడానికి. ఆ తర్వాత పొడుగు గొట్టం ఆసరాగా పెట్టి నెమ్మదిగా లాగాడు. సుత్తి ముట్టుకోలేదు, సుత్తితో కొడితే గొట్టం చదునవుతుంది.

లాగి వదిలితే కొంత వెనక్కి వస్తుంది. అందుకని కావాల్సినదాని కంటే పిసరు ఎక్కువ లాగి వదలాలి, మళ్ళీ దారం పెట్టి చూడాలి. ఆయన అలా ఎన్నిసార్లు చేశాడో నేను లెక్కపెట్టలేదు గానీ మేము టీ తాగొచ్చినా ఇంకా అదే పని మీద ఉన్నాడు. చివరికి ఇరుసు తీసి చక్రం పెడితే బలవంతం చేయకుండా దానంతట అదే కూర్చుంది. చక్రం కుడి ఎడమలు మార్చి చూశాడు, రెండుసార్లూ మధ్యలోనే ఉంది. పాత బాల్సు బదులు కొత్తవి, గ్రీజు వేసి బిగించాడు. తమ్ముడితో ఎక్కొద్దని చెప్పి, ముందు సీటు పట్టుకుని ఖాళీ సైకిల్ నడిపించమన్నాడు. హ్యాండిల్ పక్కకి లాగకుండా తిన్నగా పోయింది. వారానికి ఒకసారి, నెలకి ఒకసారి మెడ దగ్గర తుడిచి గీత ఏదైనా వచ్చిందేమో చూసుకోమని, వెనక ఇద్దర్ని ఎక్కించొద్దని చెప్పి పంపాడు.

ఒకవేళ మార్చాల్సి వచ్చినా భయపడక్కర్లేదు. అట్లాస్ కంపెనీ 1951లో సోనీపత్‌లో మొదలైంది. దాని సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న ఆగిపోయింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజునే. అయినా ఈ నల్ల సైకిళ్ళకి సరిపోయే ఫోర్కులు లూథియానాలో ఇంకా తయారవుతున్నాయి. కొనేముందు నాలుగు కొలతలు చూసుకోండి: చక్రం సైజు 28 అంగుళాలా 26 అంగుళాలా, పైగొట్టం పొడవు, పైన మర, కడ్డీ బ్రేకా తీగ బ్రేకా. మీ ఇంట్లో తాతల నాటి ఇంగ్లండు ర్యాలీ గనక ఉంటే మరీ జాగ్రత్త. నాటింగ్‌హామ్ ర్యాలీ వాళ్ళు ఫోర్కు గొట్టానికి అంగుళానికి 26 మర చుట్లు పెట్టేవాళ్ళు, మామూలుగా ఉండేవి 24. వేరే ఫోర్కు తెస్తే పాత నట్లు పట్టవు. అలాంటి సైకిల్‌కి పాత ఫోర్కు పగలకుండా ఉంటే దాన్ని బాగుచేయించడమే మంచిది.

"ఇంకా ఎంతకాలం సైకిలే?"

ఈ ప్రశ్న కొందరు అడుగుతారని తెలుసు, అది తప్పు ప్రశ్న కాదు. మిగతా పిల్లలు బండ్ల మీద వస్తుంటే మనం తుప్పు పట్టిన సైకిల్ మీద పోతే చూసే చూపు వేరుగా ఉంటుంది. ఆ చూపు నేనూ చూశా. పేదరికాన్ని గొప్పగా చెప్పుకోమని నేను అనడం లేదు. బండి కొనగలిగే రోజు వస్తే కొనుక్కుందాం. ఘాట్ రోడ్డులో ఉన్నవాళ్ళకి అవసరం కూడా.

నేను అడిగేది ఒక్కటే. ఆ బండి ఎవరి డబ్బులతో? జీడిపిక్కలు అమ్మిన డబ్బులు ఇంట్లోకి వచ్చేదే ఏడాదికి ఒకసారి. అది కిస్తీలకి పోతే చెల్లి చదువు సంగతేంటి, ఆస్పత్రి ఖర్చు వస్తే ఏంటి? మన అమ్మానాన్నలకి కాలేజీ అంటే ఏంటో తెలియదు. "బండి లేకపోతే చదువు సాగదు" అని కొడుకు చెప్తే నమ్మేస్తారు. వాళ్ళ నమ్మకాన్ని అలా వాడుకోకూడదు. ఒక పూట పనితో బాగయ్యే ఫోర్కు కోసం రెండేళ్ళ అప్పు మోయించడం న్యాయం కాదు.

ఇంకో మాట. చేతులకి గ్రీజు అంటితే చదువుకున్నవాళ్ళం కామేమో అన్న సిగ్గు మనలో మొదలైంది. మన ఏజెన్సీలో కమ్మర కుటుంబాలు తరతరాలుగా కొలిమి పెట్టి కత్తులు, గొడ్డళ్ళు, నాగలి కర్రులు చేసిన వాళ్ళు. ఆ ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కొందరు కాలేజీలో ఆ పని పేరు ఎత్తరు. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అమెరికాలో డేటన్ అనే ఊళ్ళో సైకిల్ షాపు నడిపినవాళ్ళు. 1903లో ఎగిరిన వాళ్ళ విమానంలో ప్రొపెల్లర్లు తిప్పింది సైకిల్ చైన్ల లాంటి చైన్లే. ఇనుము ఎంత వరకు వంగుతుంది, ఎక్కడ విరుగుతుంది అని చేత్తో తెలిసినవాడికి పుస్తకంలో పాఠం ఇంకా బాగా అర్థమవుతుంది. నాకైతే స్థితిస్థాపక అవధి అంటే ఏంటో ఆ షాపులోనే తలకెక్కింది.

మనం చేయగలిగేది

నేను మూడు పనులు ప్రతిపాదిస్తున్నా. మీ హాస్టల్లో వీలవుతుందో లేదో చెప్పండి.

ఒకటి, ప్రతి హాస్టల్లో ఒక పనిముట్ల పెట్టె. పానాలు, స్పోకులు బిగించే తాళం, పంక్చర్ సామాను, గ్రీజు, కిరసనాయిలు గుడ్డ, ఒక దారం ఉండ. తలా కొంచెం వేసుకుంటే వచ్చేస్తుంది. ఫోర్కు వంచే పని మనం చేయొద్దు, అది చెయ్యి తిరిగిన మెకానిక్ పని. కానీ చూసి తేల్చుకోవడం, ఊడదీయడం, బిగించడం మనం నేర్చుకోవచ్చు.

రెండు, ఆడపిల్లలకి కూడా నేర్పాలి. ప్రభుత్వ బడుల్లో చదివే ఆడపిల్లలకి ఇచ్చిన సైకిళ్ళు ఎన్నో చిన్న రిపేరు లేక ఇళ్ళల్లో గోడకి ఆనించి ఉన్నాయి. సైకిల్ ఆగిపోతే అన్న కోసమో నాన్న కోసమో ఎదురుచూస్తూ బడి మానేయాల్సిన అవసరం ఆ పిల్లకి ఉండకూడదు.

మూడు, సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పాక వెనక పడున్న పాత సైకిల్‌ని ఒకసారి బయటికి తీయండి. పైన రాసిన వరసలో చూడండి. పగులు ఉంటే ఆ ఫోర్కుని ఎవరూ వాడకుండా విరిచి పారేయండి. పగులు లేకపోతే మంచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళండి. ఆయన గ్యాస్ మంట అంటిస్తానంటే మాత్రం, "కాల్చొద్దు బాబాయ్ గారూ, చల్లగానే లాగండి" అని మర్యాదగా చెప్పండి. అలా కుదరదంటే వేరే షాపు చూసుకోండి.

మీ ఊళ్ళో ఈ పని తెలిసిన పెద్దవాళ్ళుంటే వాళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకోండి, నేర్చుకున్నది ఇక్కడ రాయండి. నేను రాసినదాంట్లో ఏదైనా కలపాలన్నా చెప్పండి.

జై జోహార్.